ఒకే యజమాని, ఐదు పూజలు

మా ఆవిడ నా ఎదురుగా కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఆ కత్తి సాక్షిగా చెబుతున్నాను, ఈ రాయబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. నా కథల్లో నీళ్ళెన్ని పాలెన్ని అని కొలిచే మిత్రులు ఆక్లాండ్‌లో చాలామందే ఉన్నారు. నేను పట్టిన చేప పొడవు గురించీ, ఎయిర్‌పోర్టులో నా ఆవకాయ సీసా చూసి కుక్క మూర్ఛపోవడం గురించీ వాళ్ళు ఏమైనా అనుకోవచ్చు. కారు విషయంలో మాత్రం నేను అబద్ధమాడను. ఆ పనికి ఈ దేశంలో ఇప్పటికే సరిపడా జనం ఉన్నారు.

రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులు. మౌంట్ రాస్కిల్‌లో రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్ళం. నా ఆఫీసు సిటీలో. గేటు ముందే బస్సు ఆగేది కాబట్టి కారు ఊసే ఎత్తకుండా ఎనిమిది నెలలు నడిపించాను. ఆ ఎనిమిది నెలలూ మా ఆవిడ ఉద్యోగాలకి అప్లికేషన్లు పెడుతూనే ఉంది. చివరికి ఒక శుక్రవారం సాయంత్రం నగరానికి ఆ చివరనున్న ఫ్లాట్ బుష్‌లోని ఒక వృద్ధుల హోమ్ నుంచి ఫోను వచ్చింది. సోమవారం పొద్దున్న ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. మొదటి వారం చూసి, బాగుంటే ఉంచుకుంటారు. ఆలస్యంగా వస్తే ఆ స్థానంలోకి రావడానికి ఇంకొకామె సిద్ధంగా ఉంది. "నీకు కారుంది కదా?" అని అవతలి గొంతు అడిగింది. మా ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ "ఉంది" అంది.

ఈ కథలో మొట్టమొదటి అబద్ధం ఆమెదని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

ఆరింటికి ఫ్లాట్ బుష్ చేర్చే బస్సు లేదు. ఆమె విజయవాడలో చిన్న కారు నడిపిన మనిషి. ఇండియా లైసెన్సుతో ఇక్కడ ఏడాదిపాటు నడపొచ్చు, అందులో ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉన్నాయి. లేనిది కారు ఒక్కటే. చేతిలో ఒక శనివారం, ఒక ఆదివారం ఉన్నాయి.

పక్క ఫ్లాటులో ఒక అంకుల్ ఉండేవారు. ఆయన తాతలు విశాఖ వైపు నుంచి ఫిజీ చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళు. ఈయన అక్కడి చెరకు లారీలకి ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసి, కూతురి వెనక ఆక్లాండ్ వచ్చారు. వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగును నూనె రాసి దాచిన స్పానర్ లాగా అవసరమైనప్పుడే బయటికి తీసేవారు. శనివారం పొద్దున్నే తన పాత వ్యాన్‌లో మమ్మల్నిద్దర్నీ కార్ల సంతకి తీసుకెళ్ళారు. పెద్ద మైదానం, వరసగా కార్లు, ప్రతి కారు పక్కనా చేతులు కట్టుకుని నవ్వే మనిషి.

ఆ రోజు నేర్చుకున్నవి ఉచితంగా చెబుతున్నాను. కారు చూడ్డానికి వెళ్ళినవాడు ముందుగా చేయి వేయాల్సింది స్టీరింగ్ మీద కాదు, బానెట్ మీద. అది వెచ్చగా ఉందంటే మీరు రాకముందే ఇంజన్ని నిద్రలేపి, దాని దగ్గూ పొగా అన్నీ వదిలించి, ముఖం కడిగి నిలబెట్టారన్నమాట. తరవాత ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడాలి. తెల్లగా మీగడ కట్టి ఉంటే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నట్టు. ఇంకేమీ మాట్లాడకుండా మూత పెట్టి, అమ్మేవాడికి నమస్కారం పెట్టి, పక్క కారు దగ్గరికి నడవాలి.

మొదటి కారులో అద్దానికి ఐదు సెంటు అట్టలు వేలాడుతున్నాయి. ఒక్క అట్ట ఉంటే సువాసన కోసం. ఐదున్నాయంటే ఏదో దాస్తున్నారు. వెనక సీటు కింద కార్పెట్ పట్టుకుని లాగాను. అడుగున తడి. ఆ తడిలో వేలెడంత మొక్క, రెండాకులు వేసుకుని, హాయిగా ఉంది. ఆ కారు ఏదో వరదలో మునిగి లేచినదే. మా ఆవిడ వంగి చూసింది.

"కరివేపాకా?"

"కాదు."

"అయితే వద్దు. కరివేపాకైతే ఆలోచించేదాన్ని."

రెండో కారు మీటరు అరవై వేల కిలోమీటర్లు చూపిస్తోంది. అంకుల్ మీటరు వైపు చూడనే లేదు. మోకాళ్ళ మీద కూర్చుని బ్రేకు పెడల్ చూశారు. రబ్బరు అరిగిపోయి లోపలి ఇనుము మెరుస్తోంది.

"మీటరు తిప్పినాడు బాబూ. రబ్బరు తిప్పడం మరిచిపోయినాడు."

మూడో దానికి నేను అయస్కాంతం పరీక్ష చేశాను. అది మా ఫ్రిజ్ మీద ఉండే గొర్రెపిల్ల అయస్కాంతం. రంగు గీసుకోకుండా చేతిరుమాల్లో చుట్టి పట్టుకోవాలి. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, యాక్సిడెంటు సొట్టలకి పుట్టీ పూసి రంగేసినచోట జారిపోతుంది. ఆ కారు ముందు సగం మీద గొర్రెపిల్ల చక్కగా నిలబడింది. వెనక సగం మీద ఎక్కడ పెట్టినా దొర్లి గడ్డిలో పడింది. అమ్మేవాడు దాన్ని తీసి తుడిచి నా చేతికిచ్చి, "నైస్ షీప్" అన్నాడు.

మధ్యాహ్నానికి పదకొండు కార్లని కొట్టిపారేశాను. నా నోట్‌బుక్కులో పదకొండు నేరాలు నమోదయ్యాయి. మా ఆవిడ వ్యాన్ మెట్టు మీద కూర్చుని చెప్పు విప్పి పాదం నొక్కుకుంటోంది.

"మీరు కారు కొనడానికి వచ్చారా, కేసు పెట్టడానికి వచ్చారా?"

"మోసపోతే నష్టం ఎవరికి?"

"సోమవారం ఆరింటికి నేనక్కడ లేకపోతే నష్టం ఎవరికి?"

నేను నోట్‌బుక్కు మూసి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్న శాండ్రింగ్‌హామ్‌లో పప్పుల కొట్టు గోడకి గుచ్చిన చీటీ ఒకటి ఆమే పట్టుకొచ్చింది. ఏడేళ్ళ వయసున్న స్టేషన్ వ్యాగన్. నాలుగేళ్ళ కిందట జపాన్ నుంచి దిగుమతి. ఈ దేశంలో ఒకే యజమాని. ఎక్కువగా ఆడవాళ్ళే నడిపారు. బుధవారం సిడ్నీ వెళ్ళిపోతున్నందువల్ల అమ్మకం. కింద తెలుగులో, "మనవాళ్ళకి ప్రాధాన్యం."

ప్రతి మాటా అనుమానాస్పదమే. ఆడవాళ్ళు నడిపారంటే ఏమిటి, మగవాళ్ళు నడిపితే ఆగిపోతుందా? బుధవారం సముద్రం దాటిపోయేవాణ్ణి గురువారం ఎక్కడ పట్టుకుంటాం? అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆఖరి వాక్యం. పరాయివాడి దగ్గరయితే కార్పెట్ ఎత్తి చూస్తాం. మనవాడి దగ్గరయితే మొహమాటపడి టీ తాగి వస్తాం. ఫోను చేస్తే అటునుంచి అనంతపురం యాస.

"రాండన్నా. టీ తాగి పోదురు."

చూశారా.

ఫ్లాట్ బుష్‌లో కొత్త ఇళ్ళ వీధి, మళ్ళీ అంకుల్ వ్యాన్‌లోనే వెళ్ళాం. గుమ్మం ముందు వెండిరంగు వ్యాగన్. యజమాని నాకంటే ఐదారేళ్ళు చిన్నవాడు, సాఫ్ట్‌వేర్ మనిషి, లుంగీ మీదే బయటికి వచ్చాడు. ఆయన భార్య మా ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళింది. నేను బానెట్ మీద చేయి వేశాను. చల్లగా ఉంది. ఆయిల్ తేనె రంగులో ఉంది. మూతకి మీగడ లేదు. కార్పెట్లు పొడిగా ఉన్నాయి. మీటరుకీ పెడల్ రబ్బరుకీ పేచీ లేదు. గొర్రెపిల్ల నాలుగు వైపులా అతుక్కుంది. ఇంజన్ పక్కన జపాన్ వాళ్ళు అంటించిన కాగితం ఉంటుంది, ఎన్ని కిలోమీటర్లకి ఏ బెల్టు మార్చారో రాసి. అక్షరాలు మనకి రాకపోయినా అంకెలు వస్తాయి. ఆ అంకెలు మీటరులో అంకెలకంటే తక్కువగా, ఉండాల్సినంత తక్కువగానే ఉన్నాయి. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఆర్నెల్లకోసారి చేయించాల్సిన వారెంట్ పరీక్ష చీటీ ముందద్దం మీద తాజాగా ఉంది.

అన్నీ సరిపోయాయి. పదకొండు కార్లు చూసిన వాడికి అంతకంటే పెద్ద అనుమానం ఏముంటుంది?

"బండి మంచిది బాబూ," అన్నారు అంకుల్.

ఆ మాట చాలా త్వరగా అన్నట్టనిపించింది. తలెత్తి చూస్తే అంకులూ లుంగీ మనిషీ హిందీలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వీళ్ళిద్దరికీ ముందే పరిచయం ఉందా? నిన్న పదకొండు కార్లు చూపించింది ఇవాళ్టి పన్నెండోది అంటగట్టడానికా? నోట్‌బుక్కులో అంకుల్ పేరు కూడా రాసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

అప్పుడు దొరికింది. బానెట్ రేకు లోపలి అంచున, తుడిచే గుడ్డ చేరని మూలలో పసుపు బొట్టు, దాని మీద కుంకుమ. ఇది మామూలే, మనవాడే కదా. కానీ వెనక డిక్కీ తలుపు లోపల కుంకుమతో వేసిన చిన్న స్వస్తిక్, పక్కన "శుభ్ లాభ్" అని గుజరాతీ అక్షరాలు. ముందు నంబరు ప్లేటు చాటున మూడు విభూతి రేఖలు, తీర్చి గీసినవి, అరవ వాళ్ళ తీరు. వెనక బంపర్ కింద కొక్కేనికి సన్న తీగ, తీగకి ఎండి నల్లబడిన నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయల తొడిమలు. అది ఢిల్లీ వైపు పద్ధతి. గ్లవ్ బాక్సు తెరిస్తే మట్టల ఆదివారం నాటి చిన్న ఆకు సిలువ, కేరళ క్రైస్తవుల ఇళ్ళలో ఉండేలాంటిది.

నోట్‌బుక్కులో ఐదు గీతలు గీశాను. వాహన పూజ కారు కొన్న రోజున చేస్తారు. ఎవరి పద్ధతిలో వాళ్ళు చేస్తారు. ఒక కారు మీద ఐదు పద్ధతులున్నాయంటే ఐదుసార్లు అమ్ముడుపోయిందని అర్థం. నాలుగేళ్ళలో ఐదు చేతులు! అంత త్వరగా అందరూ వదిలించుకున్నారంటే లోపల ఏముందో? కారు నంబరిస్తే పాత యజమానుల వివరం పోస్టాఫీసులో చెబుతారు. ఆదివారం పోస్టాఫీసు లేదు. సరిగ్గా ఆదివారమే రమ్మన్నాడు.

బంపర్ కింద నుంచి లేచి, లాయరులాగా నిలబడ్డాను.

"ఈ కారుకి ఎంతమంది యజమానులండీ?"

"నేనొక్కణ్ణే అన్నా. చీటీలో రాసినా కదా."

"మీరు గుజరాతీ కూడానా?"

"ఏందన్నా?"

"మీరు అరవ వాళ్ళా, ఢిల్లీ వాళ్ళా, కేరళ క్రిస్టియన్లా కూడానా?" అని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాను. "ఐదుగురు కొని ఐదుగురు వదిలించుకున్న కారుని ఒకే యజమాని అని రాసి, మనవాళ్ళకి ప్రాధాన్యమా? బుధవారం ఫ్లైటెక్కేస్తారు కాబట్టి ఎవరడుగుతారని కదూ?"

లుంగీ మనిషి ముఖంలో నవ్వు పోయింది. బానెట్ మెల్లగా దించి మూశాడు.

"అన్నా, నువ్వు పెద్దోనివి. వచ్చినప్పట్నుంచి చూస్తాండా. కార్పెట్ ఎత్తినావు, సరే. బొమ్మ పెట్టి చూసినావు, సరే. నోటికొచ్చినట్ల దొంగా అంటే ఎట్ల? నేను అమ్మను. టీ తాగి పోండి."

అంకుల్ ఆకాశం వైపు చూశారు. నేను మాత్రం, పట్టుబడగానే కోపం తెచ్చుకున్నాడు చూశావా అని లోలోపల ఇంకో గీత గీశాను.

సరిగ్గా అప్పుడు మా ఆవిడ టీ గ్లాసుతో బయటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఈ కారేనటండీ! లోపల ఫ్రిజ్ మీద చూసి రండి, తొమ్మిది ఫోటోలున్నాయి. అందరూ ఈ కారు ముందే నిలబడి..." అంటూ మా ముగ్గురి ముఖాలూ చూసి ఆగిపోయింది.

ఈ దేశంలో డ్రైవింగ్ టెస్టుకి కారు మనమే తీసుకెళ్ళాలి. దానికి తాజా వారెంట్ ఉండాలి, లైట్లన్నీ వెలగాలి, లేకపోతే మొదలుపెట్టకుండానే పంపించేస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర అలాంటి కారెక్కడిది? లుంగీ మనిషి భార్య నాలుగేళ్ళ కిందట ఈ వ్యాగన్‌లో మొదటిసారికే పాసయింది. ఆఫీసులో గుజరాతీ స్నేహితురాలు అడిగితే ఇచ్చింది. ఆమె పాసయింది. అక్కణ్ణుంచి ఈ కారు ఎక్కితే పాసవుతారని పేరొచ్చింది. పక్క వీధి తమిళుడు, పంజాబీ టాక్సీ డ్రైవరు, కేరళ నర్సు, ఒకరి తరవాత ఒకరు అడిగి పట్టుకెళ్ళారు. టెస్టు రోజు పొద్దున్న ఎవరి దేవుడికి వాళ్ళు ఎవరి పద్ధతిలో వాళ్ళు చెప్పుకున్నారు. యజమాని ఒక్కడే. మొక్కినవాళ్ళు వేరు.

"అందుకేనన్నా ఆడోళ్ళు నడిపినారని రాసింది," అన్నాడు ఆయన, కారు వైపే చూస్తూ. "వచ్చినోళ్ళల్లో ఎక్కువమంది ఆడోళ్ళే. సిడ్నీ పోతే ఈ బండి ఎవురి చేతిలోనో పడి, అడిగినోళ్ళకి దొరకదే అనే మనవాళ్ళకి అని రాసినా. తప్పే నాది."

నేను తలవంచుకున్నాను. సోమవారం ఉదయం ఆరు గంటలు నా నోటి వెంట జారి ఆ కాంక్రీటు మీద పడి ఉన్నాయి. ముందుకు నడిచి, ఆ మనిషి రెండు చేతులూ పట్టుకున్నాను. "తమ్ముడూ, నాది తప్పు. నీ కారులో లోపం దొరకలేదు, నీలో వెతికాను. నా మీద కోపం ఈవిడ ఉద్యోగం మీద తీర్చుకోకు," అన్నాను. నా గొంతు వణికింది. అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆయన మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. తరవాత తాళాలు తీసి నాకు కాదు, మా ఆవిడకిచ్చాడు.

"ఒక రౌండు తిప్పుకోని రా అక్కా. చూస్తా."

ఆమె తాళం తిప్పగానే డాష్‌బోర్డులోంచి ఒక ఆడగొంతు జపాన్ భాషలో తీయగా ఏదో అంది. వెనక సీట్లో నేను ఉలిక్కిపడ్డాను.

"ఏమంటోంది? ఏదో పాడయిందంటోందా?"

"వెనకాయన్ని దించెయ్యమంటోంది," అంది మా ఆవిడ, గేరు వేస్తూ.

వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి, రెండు కార్ల మధ్య ఇరుకు జాగాలో, ఒక్కసారికే, రివర్సులో పెట్టేసింది. లుంగీ మనిషి ముఖంలో మళ్ళీ నవ్వు వచ్చింది. ఒక్క షరతు పెట్టాడు. టెస్టుకని ఎవరొచ్చి అడిగినా కారు ఇవ్వాలి. గురువారానికి ఇంకో నర్సు ఇప్పటికే మాట తీసుకుంది. మా ఆవిడ నన్ను అడక్కుండానే ఒప్పుకుంది.

"వారెంట్ ఎప్పుడూ దాటనీకక్కా," అన్నాడు. "వారానికోసారి ఆయిల్ పుల్ల తీసి చూడు, బండి చల్లగా ఉన్నప్పుడు. జపాన్ కాగితంలో రాసినట్లే బెల్టు మార్పించు. అది తెగితే ఇంజనే పోతుంది." నేను నోట్‌బుక్కులో రాసుకోబోతే అంకుల్ దాన్ని లాక్కుని తన జేబులో పెట్టుకున్నారు.

సోమవారం తెల్లవారుజామున మా ఆవిడ చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు వెతికింది. లేవు. ఫ్రిజ్‌లో సీసా నిమ్మరసం ఉంటే నాలుగు టైర్ల ముందూ నాలుగేసి చుక్కలు చిలకరించి, బానెట్ లోపల పాత పసుపు బొట్టు పక్కన తనదొకటి పెట్టి, ఐదుంబావుకి బయల్దేరింది. పొగమంచు పట్టిన వీధి మలుపులో ఆ ఎర్ర లైట్లు కనపడకుండా పోయేదాకా నిలబడి చూశాను. ఐదూ యాభైకి ఫోను వచ్చింది. "చేరాను. ఇంకా తలుపు తియ్యలేదు వీళ్ళు."

వారం తరవాత ఆమెను ఉంచుకున్నారు. నర్సు పాసయింది. నాలుగు నెలలకి మా ఆవిడ కూడా అదే కారులో పాసయింది. ఆ కారు మా దగ్గర తొమ్మిదేళ్ళుంది. ఎవరొచ్చి అడిగినా ఇచ్చాం. తిరిగొచ్చిన ప్రతిసారీ చుట్టూ తిరిగి, కింద వంగి, కొత్తగా ఏ దేవుడు చేరాడో చూసేవాణ్ణి. కొత్త గీతలేమైనా పడ్డాయేమో కూడా చూసేవాణ్ణనుకోండి.

ఇక్కడిదాకా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. కార్పెట్ కింద మొక్క దగ్గర తలూపింది. గొర్రెపిల్ల దగ్గర నవ్వింది. నేను లుంగీ మనిషి చేతులు పట్టుకున్న చోట మాత్రం కత్తి ఆగింది.

"ఇదెప్పుడు జరిగింది?"

వంకాయలన్నీ అయిపోయాయి. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. కాబట్టి ఒప్పుకుంటున్నాను. పైన రాసినదాంట్లో మొక్క నిజం, ఐదు పూజలు నిజం, నిమ్మరసం నిజం. క్షమాపణ ఒక్కటి కల్పన. ఆ రోజు నేను ఎవరి చేతులూ పట్టుకోలేదు. ఫోటోల మాట వినగానే, ఆ ఫోటోల్లో ఉన్నది ఇదే కారని ఏమిటి రుజువు అనుకుని మళ్ళీ బంపర్ కిందకి దూరాను. నేను అక్కడ మిరపకాయ తొడిమలు రెండోసారి లెక్కపెడుతుండగా, ఎదురుగా కాంక్రీటు మీద రెండు జతల పాదాలు కనిపించాయి, ఆయనవీ మా ఆవిడవీ. "మా ఆయన తరఫున నేను చెబుతున్నాను తమ్ముడూ, తప్పయింది," అన్న గొంతు ఆమెది. వణికింది కూడా ఆమె గొంతే. అంకుల్ కళ్ళజోడు తుడుచుకోవడం మాత్రం నిజమే, నన్ను సరిగ్గా చూడ్డానికి. నేను బయటికి వచ్చేసరికి తాళాలు ఆమె చేతిలో ఉన్నాయి.

ఆ రోజు చెప్పని క్షమాపణ ఇన్నేళ్ళకి ఇక్కడ రాసేశాను. సిడ్నీలో ఆయన చేతిలో ఈ పుస్తకం పడితే, ఆ ముక్క దగ్గర ఆగి, వీడు నిజంగానే అంటున్నాడా అని అనుమానిస్తాడు. అనుమానించనీ. ఆ హక్కు ఆయనకుంది.